సాహస శిక్షణ శిబిరం: వెళ్ళే ముందు, అక్కడ ఉన్నన్నాళ్ళు, తిరిగి వచ్చాక

సాహస శిబిరానికి వెళ్ళొచ్చినవారి ఫోటోల్లో కొండ అంచున తాడుకు వేలాడుతూ నవ్వుతున్న ముఖాలే ఎక్కువగా కనిపిస్తాయి. ఆ మనిషిలో నిజంగా ఏదైనా మార్పు వచ్చి ఉంటే, అది ఆ తాడు మీద వచ్చి ఉంటుందని నేను అనుకోను. రాత్రంతా వాన కురిసిన మూడో రోజు తెల్లవారుజామున, నిన్నటి తడి సాక్సులను పిండి మళ్ళీ అవే తొడుక్కుని, టెంటు జిప్పు తీసి బయటికి వచ్చి, ఆ రోజు వంతు తనదే కాబట్టి సణుగుడు లేకుండా పొయ్యి వెలిగించిన పావుగంటలో వచ్చి ఉంటుంది. ఉత్కంఠ మనకు ఒక జ్ఞాపకాన్ని మిగులుస్తుంది. తప్పించుకోవడానికి వీల్లేని చిన్న ఇబ్బందుల నడుమ రోజూ చేసిన పని అలవాటుగా మారుతుంది. ఇంటికి మోసుకురాగలిగేది ఆ అలవాటునే. శిబిరాన్ని ఎంచుకోవడం మొదలుకొని తిరిగి వచ్చాక మూడు నెలల వరకు ఏమేం చేయాలో, ఎందుకు చేయాలో, ఈ దృష్టితోనే ఇక్కడ వివరిస్తున్నాను.

ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. రెండో ప్రపంచ యుద్ధంలో శత్రు జలాంతర్గాములు ముంచేసిన బ్రిటిష్ వాణిజ్య నౌకల నుంచి లైఫ్‌బోట్లలోకి చేరినవారిలో, దేహదారుఢ్యం ఉన్న కుర్ర నావికుల కంటే వయసు మీదపడిన పాతకాపులే ఎక్కువగా బతికి బయటపడుతున్నారని లారెన్స్ హోల్ట్ అనే ఓడల కంపెనీ అధిపతి గట్టిగా నమ్మాడు. కుర్రవాళ్ళకు కండబలం ఉన్నా, కష్టంలో నిలదొక్కుకున్న అనుభవం లేదన్నది ఆయన అభిప్రాయం. నాజీలను ఎదిరించి జర్మనీ విడిచి వచ్చిన విద్యావేత్త కర్ట్ హాన్‌తో కలిసి ఆయన 1941లో వేల్స్ తీరంలోని అబర్‌డవీలో ప్రారంభించిన శిక్షణ బడి పేరే ‘అవుట్‌వర్డ్ బౌండ్’. నేడు ఎన్నో దేశాల్లో నడుస్తున్న సాహస శిబిరాల పద్ధతులకు మూలం అక్కడుంది. కుర్రవాళ్ళను నావికులుగా తయారుచేయడం కన్నా, సముద్రాన్ని ఆసరాగా చేసుకుని వాళ్ళ వ్యక్తిత్వాన్ని తీర్చిదిద్దడమే అక్కడి ఉద్దేశం. కొండ అయినా, నది అయినా, అడవి అయినా ఈ మాట మరిచిపోకూడదు.

మొదటి మెట్టు: ఒక్క వాక్యం రాసుకోండి

ఎందుకు వెళ్తున్నారని అడిగితే చాలామంది ‘ఆత్మవిశ్వాసం పెంచుకోవడానికి’ అంటారు. ఇందులో తప్పు లేదు గానీ, పెరిగిందో లేదో తేల్చుకునే దారి కూడా లేదు. అందుచేత, బయటివారు కంటితో చూసి అవునో కాదో చెప్పగలిగే ప్రవర్తనను ఒక్క వాక్యంలో రాసుకోవాలి. ‘సమావేశంలో నాకు అర్థం కానిది ఉంటే అప్పటికప్పుడే అడుగుతాను’, ‘నా వల్ల కాని పనిని ఒప్పుకోకుండా అక్కడికక్కడే కాదని చెబుతాను’, ‘మొదలుపెట్టిన పనిని మూడో వారంలో వదిలేయను’ అన్నవి అలాంటి వాక్యాలు. వీటిలో కొండ ఊసే లేదు. శిబిరంలో జరిగేది సాధన మాత్రమే, పరీక్ష మీ రోజువారీ జీవితంలో ఉంటుంది కాబట్టి అది లేకపోవడమే సరైనది.

ఆ వాక్యం ఎంచుకునేటప్పుడు మనస్తత్వ శాస్త్రవేత్త ఆల్బర్ట్ బండూరా 1977లో వివరించిన స్వసామర్థ్య భావన బాగా పనికొస్తుంది. ఒక పని తన వల్ల అవుతుందన్న నమ్మకం మనిషికి నాలుగు దారుల్లో వస్తుందని ఆయన చెప్పాడు: స్వయంగా చేసి నెగ్గడం, తనలాంటి మరొకరు చేయగా చూడడం, ఎదుటివారు ధైర్యం చెప్పడం, గుండెదడ, వణుకు లాంటి దేహ సూచనలను తాను అర్థం చేసుకునే తీరు. వీటిలో అన్నిటికన్నా బలమైనది మొదటిది. శిబిరంలో చప్పట్లకు, నినాదాలకు కొదవ ఉండదు. అవి మూడో దారికి చెందినవి, వాటి ప్రభావం త్వరగా కరిగిపోతుంది. మీ చేత్తో మీరు కట్టిన ముడి, మీరు చదివిన పటం, మీరు నడిపించిన బృందం మొదటి దారికి చెందుతాయి.

ఇక్కడే మరో మాట చెప్పాలి. తీవ్రమైన మానసిక వేదనలో ఉన్నవారు, ఈమధ్యనే పెద్ద దెబ్బ తగిలినవారు శిబిరాన్ని చికిత్స అనుకోకూడదు. ముందు వైద్యుడితో మాట్లాడాలి. మాట వినని పిల్లలను దారిలో పెట్టడానికి, శిక్షగా శిబిరానికి పంపే తల్లిదండ్రులు కూడా ఆగి ఆలోచించాలి. ఇష్టం లేకుండా ఎక్కిన కొండ నేర్పేది ఆ కొండ మీద అసహ్యాన్ని, పంపినవారి మీద అపనమ్మకాన్ని మాత్రమే.

రెండో మెట్టు: శిబిరాన్ని ప్రశ్నించి ఎంచుకోండి

వ్యవధి దగ్గర మొదలుపెడదాం. జాన్ హ్యాటీ, తోటి పరిశోధకులు 1997లో సాహస విద్యకు సంబంధించిన 96 అధ్యయనాలను కలిపి పరిశీలించినప్పుడు రెండు విషయాలు ప్రముఖంగా బయటపడ్డాయి. శిబిరం ముగిసేనాటికి కనిపించిన మెరుగుదల ఆ తర్వాత తగ్గకపోగా ఇంకొంత పెరగడం మొదటిది. విద్యా కార్యక్రమాల్లో ఇది అరుదు. కార్యక్రమానికీ కార్యక్రమానికీ ఫలితాల్లో చాలా తేడా ఉండడం, 20 రోజులకు మించిన వాటి ప్రభావం ఎక్కువగా ఉండడం రెండోది. అందరికీ అన్ని రోజులు దొరకవు. అయినా రెండు రోజుల్లో పది ఆటలు ఆడించే శిబిరానికీ, వారం రోజులు ఒకే బృందంతో ఒకే ప్రయాణం చేయించే శిబిరానికీ మధ్య ఎంచుకోవలసి వస్తే రెండోదే ఎంచుకోవాలి. జిప్‌లైన్ మీద, అంటే వాలుగా కట్టిన తీగకు వేలాడుతూ, జారడం సరదాగానే ఉంటుంది. కానీ అక్కడ మీరు చేసేది ఏమీ లేదు, పని చేసేది భూమ్యాకర్షణ.

నిర్వాహకులను అడగవలసిన ప్రశ్నలు మొహమాటం లేకుండా అడగాలి. ఒక్కో శిక్షకుడి కింద ఎంతమంది ఉంటారు? శిక్షకులకు అటవీ ప్రాంత ప్రథమ చికిత్సలో శిక్షణ ఉందా? కాలు విరిగితే దగ్గరి ఆసుపత్రికి చేర్చడానికి ఎన్ని గంటలు పడుతుంది, ఏ దారిన తీసుకెళ్తారు? తాళ్ళు, హార్నెస్‌లు (నడుముకు, తొడలకు కట్టుకునే పట్టీలు) ఎప్పుడు కొన్నారు, వాటి వాడకం గురించి రిజిస్టరు రాస్తున్నారా? నైలాన్ లాంటి వాటితో నేసిన సామగ్రిని ఎంత తక్కువగా వాడినా పదేళ్ళు దాటాక పక్కన పెట్టేయమని తయారీదారులే సాధారణంగా చెబుతారు. తరచూ వాడేవాటి ఆయుష్షు అందులో కొంత భాగమే. చివరగా, ఇంతవరకు ఏవైనా ప్రమాదాలు గానీ, త్రుటిలో తప్పిన ప్రమాదాలు గానీ జరిగాయా అని అడగండి. ‘మా దగ్గర ఎప్పుడూ ఏమీ జరగలేదండీ’ అన్న జవాబు నాకైతే భయం పుట్టిస్తుంది. ఫలానా చోట ఫలానా పొరపాటు జరిగింది, అప్పటినుంచి ఈ పద్ధతి మార్చుకున్నాం అని విడమరిచి చెప్పేవారిని నమ్మవచ్చు.

రోజు ముగిశాక బృందం కూర్చుని మాట్లాడుకునే సమయం దినచర్యలో ఉందో లేదో కూడా కనుక్కోండి. అది లేకపోతే మీరు కొంటున్నది విహారయాత్ర.

మూడో మెట్టు: దేహాన్ని సిద్ధం చేయండి

ఎనిమిది వారాల ముందు మొదలుపెట్టాలి. వారానికి నాలుగు రోజులు చురుగ్గా నడవండి, అందులో రెండు రోజులు మెట్లెక్కండి. మూడో వారం నుంచి వీపున సంచి తగిలించుకుని, మొదట నాలుగైదు కిలోలతో ఆరంభించి, చివరి రెండు వారాలకల్లా శిబిరంలో మోయబోయే బరువుకు చేరాలి. పలు రోజుల నడకకు శరీర బరువులో ఐదో వంతు వరకు మోయవచ్చన్నది వాడుకలో ఉన్న లెక్క. 60 కిలోల మనిషికి అది 12 కిలోలు.

చాలామంది ఎక్కడానికి సాధన చేసి దిగడాన్ని మరిచిపోతారు. ఎక్కేటప్పుడు ఆయాసపడేది గుండె, ఊపిరితిత్తులు. దిగేటప్పుడు దెబ్బ తినేది తొడ కండరాలు. ఆ కండరాలు సాగుతూనే బరువును ఆపవలసి రావడంతో వాటిలో సూక్ష్మమైన చిరుగులు ఏర్పడతాయి. ఆ నొప్పి వెంటనే తెలియక, ఒకటి నుంచి మూడు రోజుల మధ్య పతాక స్థాయికి చేరుతుంది. మొదటిరోజు హుషారుగా పరిగెత్తుకుంటూ దిగినవారే మూడో రోజు కుంటడం అందుకే. సాధనలో మెట్లు దిగడాన్ని కూడా లెక్కపెట్టి చేసినవారికి ఈ బాధ చాలావరకు తప్పుతుంది.

బూట్లు కొత్తవైతే కనీసం నెల రోజులు వాడి కాలికి అలవాటు చేయండి. వెళ్ళే రెండు రోజుల ముందు కాలిగోళ్ళు పొట్టిగా కత్తిరించుకోండి. వినడానికి అల్పంగా ఉంటుంది గానీ, దిగుడులో గోరు బూటు ముందుభాగానికి తగిలి నల్లబడిన తర్వాత ఈ వాక్యం విలువ తెలుస్తుంది. ఉబ్బసం, మధుమేహం, గుండె జబ్బు, మూర్ఛ, అలర్జీలు, వాడుతున్న మందులు, పాత ఆపరేషన్లు ఏవి ఉన్నా దరఖాస్తులో దాచకండి. దాచిన జబ్బు బయటపడేది అంబులెన్సు రాలేని చోటే.

సామాన్ల జాబితా శిబిరం వారే ఇస్తారు కనుక ఇక్కడ దాన్ని తిరగరాయను. రెండే చెబుతాను. నూలు బట్ట చెమటను, వాన నీటిని పట్టుకుని ఆరదు కాబట్టి చలి ప్రదేశంలో ఒంటిని ఆనుకుని ఉండే పొర ఉన్నిదో సింథటిక్‌దో అయి ఉండాలి. ఇక చిన్న నోటు పుస్తకం, పెన్సిలు తప్పనిసరిగా పెట్టుకోవాలి. వానలో సిరా కారిపోతుంది, పెన్సిలు రాత చెరగదు. మొదటి పేజీలో మీరు రాసుకున్న ఆ ఒక్క వాక్యం ఉండాలి.

నాలుగో మెట్టు: మొదటి రెండు రోజులు గొప్పలకు పోకండి

తొలి రెండు రోజుల్లో ఎదగాలన్న ఆలోచన పక్కన పెట్టి, దాహం, నిద్ర, చలి, పాదాలు అనే నాలుగింటిని చూసుకుంటే చాలు. ఎత్తు పెరిగేకొద్దీ గాలి ఉష్ణోగ్రత ప్రతి 1,000 మీటర్లకు సగటున 6.5 డిగ్రీల సెల్సియస్ చొప్పున తగ్గుతుందని గుర్తుంచుకుంటే, కింద ఉక్కపోస్తున్నప్పుడు జాకెట్టు ఎందుకు మోయాలో బోధపడుతుంది. 3,000 మీటర్లు దాటాక, ఈ రాత్రి పడుకునే చోటు నిన్నటి కంటే 500 మీటర్లకు మించి ఎత్తున ఉండకూడదని, మూడు నాలుగు రోజులకోసారి ఒక రోజు ఆగాలని పర్వత వైద్య నిపుణుల సూచన. తలనొప్పి, వికారం, నిస్సత్తువ కలిసి వస్తే అది మీ బలహీనతకు గుర్తేమీ కాదు, ఎక్కడం ఆపమని దేహం చేస్తున్న హెచ్చరిక. తూలుతూ నడుస్తున్నా, మాట తడబడుతున్నా అర్ధరాత్రి అయినా సరే కిందికి దిగవలసిందే.

పాదాల గురించి నా సొంత తప్పు చెబుతాను. నేను మొదటిసారి వెళ్ళిన శిబిరంలో రెండో రోజు ఉదయం కుడి మడమ దగ్గర వేడిగా, చురుక్కుమంటూ అనిపించింది. బృందంలో అందరికంటే పెద్దవాణ్ణి నేనే. అందరినీ ఆపి బూటు విప్పడం నామోషీ అనిపించి నడుస్తూనే ఉన్నాను. మధ్యాహ్నానికి ఆ వేడి రూపాయి బిళ్ళంత బొబ్బగా మారింది, సాయంత్రానికి చిట్లింది. మర్నాడు నా సంచిలోని బరువును ముగ్గురు పంచుకోవలసి వచ్చింది, చేరవలసిన చోటికి బృందమంతా సగం పూట ఆలస్యంగా చేరింది. చురుక్కుమన్నప్పుడే ఆగి, సాక్సు తీసి, ఆరబెట్టి, టేపు అంటించడానికి పట్టేది రెండు నిమిషాలు. ‘ఒక్క నిమిషం ఆగండి, నాకు ఇబ్బందిగా ఉంది’ అనే మాట నా నోట రాలేదు. ఆలోచిస్తే ఆఫీసులోనూ ఆ మాట నా నోట ఎప్పుడూ రాలేదు. ఆ శిబిరంలో నేను నేర్చుకున్నదంతా ఆ మడమలోనే ఉందంటే అతిశయోక్తి కాదు. అందుకే చెబుతున్నాను: రెండో రోజు లోపల, అవసరం చిన్నదైనా సరే, బృందాన్ని ఒక్కసారి ఆపండి. దాన్ని సాధనగా భావించి చేయండి.

మరో చిన్న నియమం: పొడి సాక్సుల జత ఒకటి రాత్రి పడకకే కేటాయించండి. పగలు ఎంత తడిసినా దాన్ని ముట్టుకోకూడదు. పొద్దున్నే మళ్ళీ తడివే తొడుక్కోవడం అయిదు నిమిషాల నరకం; నడక మొదలయ్యాక అవి ఒంటి వేడికి వెచ్చబడతాయి. ఆ అయిదు నిమిషాలు ఓర్చుకోలేక పొడివి తొడుక్కున్నవారికి రాత్రంతా చలే.

ఐదో మెట్టు: కొండ అంచున

ఇప్పుడు అందరూ ఎదురుచూసే ఘట్టం. ర్యాప్లింగ్ చేసేటప్పుడు, అంటే తాడు ఆధారంగా కొండ దిగేటప్పుడు, మొదటిసారి అంచున నిలబడిన మనిషి దేహం తనంతట తానే రాతివైపు ముడుచుకుంటుంది, చేతులు పైతాడును గట్టిగా పట్టుకుంటాయి. అదే ప్రమాదకరం. నిటారుగా నిలబడితే బూటు అంచు మాత్రమే రాతికి తగిలి కాలు జారుతుంది. వెనక్కి వాలి, హార్నెస్‌లో కుర్చీలో కూర్చున్నట్టు కూర్చుని, కాళ్ళను రాతికి ఇంచుమించు లంబంగా చాపినప్పుడే అరికాలు మొత్తం ఆనుతుంది, పట్టు దొరుకుతుంది. అంటే, ఏది చేయవద్దని భయం చెబుతోందో సరిగ్గా దాన్ని చేస్తేనే సురక్షితం. ఈ విషయం ముందే తెలిసి ఉండి కూడా దేహం ఒప్పుకోదు. తెలియడానికీ చేయడానికీ మధ్య ఉన్న దూరాన్ని ఇంత స్పష్టంగా చూపించే చోటు మరొకటి నేను చూడలేదు.

దిగే ముందు ఈ క్రమంలో, చేత్తో తాకి, పైకి చెబుతూ తనిఖీ చేసుకోండి: హార్నెస్ బకిల్ బిగిసి ఉందా, కారాబైనర్ (తాడును, హార్నెస్‌ను కలిపే లోహపు కొక్కెం) గేటుకు తాళం పడిందా, తాడు దిగే పరికరంలో సరిగ్గా ఎక్కిందా, హెల్మెట్ పట్టీ ఉందా, వేరే ఆధారానికి కట్టిన రక్షణ తాడు మీకు తగిలించారా, జుట్టు, చున్నీ లాంటివి లోపలికి దోపుకున్నారా. గేటు సంగతి ప్రత్యేకంగా చెప్పడానికి కారణం ఉంది. కొండలెక్కడానికి వాడే మామూలు కారాబైనర్ గేటు మూసి ఉన్నప్పుడు పొడవు దిశలో కనీసం 20 కిలోన్యూటన్ల, అంటే దాదాపు 2,000 కిలోల బరువంత, లాగుడును తట్టుకోవాలని ప్రమాణం. గేటు తెరిచి ఉంటే ఆ కనీస పరిమితి 7 కిలోన్యూటన్లకు పడిపోతుంది. కిందికి చూసి భయపడడానికి బదులు గేటు చూసి భయపడడం మేలు. తనిఖీ అయ్యాక బ్రేకు చెయ్యి, అంటే తాడును కింది వైపు పట్టుకుని వేగాన్ని అదుపుచేసే చెయ్యి, తాడును వదలకూడదు. ముక్కు దురద పెట్టినా సరే.

భయం తగ్గించుకోవడానికి నాకు పనికొచ్చిన ఉపాయం ఒక్కటే: లోపలికి పీల్చిన దానికంటే బయటికి వదిలే శ్వాసను ఎక్కువసేపు సాగదీయడం, వదులుతూ ఉండగానే మొదటి అడుగు వెనక్కి వేయడం. ధైర్యం వచ్చాక అడుగు వేద్దామని ఆగితే అది రాదు. రెండో అడుగు వేశాక వస్తుంది.

దిగను అనే హక్కు మీకు ఉంది. సవాలును ఎంత స్వీకరించాలో పాల్గొనేవారే నిర్ణయించుకోవాలన్న సూత్రం సాహస విద్యలో చాలాకాలంగా ఉంది, మంచి శిక్షకులు దాన్ని గౌరవిస్తారు. అయితే ‘చేస్తానా, చేయనా’ అన్న రెండు తలుపుల మధ్య చిక్కుకోకుండా, ఎంతవరకు చేయగలరో చెప్పడం నేర్చుకోండి: ‘హార్నెస్ కట్టుకుని అంచు దాకా వస్తాను, వెనక్కి వాలి చూస్తాను, అక్కడ నిర్ణయించుకుంటాను.’ అంచు దాకా వెళ్ళి, ఆలోచించి, వద్దనుకుని, అందరి ముందూ తాపీగా తిరిగి వచ్చిన మనిషి, ఎగతాళికి జడిసి కళ్ళు మూసుకుని దిగినవాడి కంటే ఎక్కువే నేర్చుకుంటాడు.

కాస్త ఒత్తిడి ఉంటే పనితీరు మెరుగవుతుంది, మితిమీరితే దెబ్బతింటుంది అని శిబిరాల్లో తలకిందులైన ‘యు’ ఆకారపు గీత గీసి చూపిస్తుంటారు. దానికి మూలం మనస్తత్వ శాస్త్రవేత్తలు యెర్క్స్, డాడ్సన్ 1908లో ఎలుకల మీద చేసిన ప్రయోగం. ఏ డబ్బాలోకి వెళ్ళాలో ఎలుకలకు విద్యుత్ షాకులతో నేర్పించారు. ఆ గీత మన అనుభవానికి సరిపోతున్నట్టే అనిపిస్తుంది గానీ, దాన్ని చూపించి మిమ్మల్ని ఇంకొంచెం నెట్టాలని చూసేవారికి ఆ ఎలుకలను గుర్తుచేయవచ్చు.

ఆరో మెట్టు: అంట్లు తోమే వంతు దగ్గర

నా లెక్కలో శిబిరం మొత్తానికీ కీలకమైన మెట్టు ఇది. మొదటి రెండు రోజులు అందరూ మర్యాదగా ఉంటారు. మూడో రోజుకో నాలుగో రోజుకో అలసట, ఆకలి, నిద్రలేమి కలిసి ముసుగులు జారిపోతాయి. ఒకరు నెమ్మదిగా నడుస్తారు, మరొకరు పటం తమ చేతుల్లోంచి వదలరు, ఇంకొకరు అంట్లు తోమే వంతు వచ్చేసరికి టెంటులో ఏదో వెతుక్కుంటూ ఉంటారు. బృందాలు పరిచయం, ఘర్షణ, సర్దుబాటు, సమర్థత అనే దశల గుండా సాగుతాయని మనస్తత్వ శాస్త్రవేత్త బ్రూస్ టక్‌మన్ 1965లో చెప్పిన వరుస ఇక్కడ కళ్ళముందు కనిపిస్తుంది. ఘర్షణ వచ్చిందంటే శిబిరం చెడిపోయిందని కంగారుపడనక్కరలేదు. అసలు సాధనకు సరుకు అప్పుడే దొరికింది.

ఒక సాయంత్రం ఎలా ఉంటుందో చూడండి. చీకటి పడుతోంది, గిన్నెలు ఏటి ఒడ్డున రాళ్ళ మధ్య అలాగే పడి ఉన్నాయి, వంతు ఉన్నవాడు కనబడడు. మీకు మూడు దారులున్నాయి. లోలోపల తిట్టుకుంటూ మీరే తోమేయడం, అతను లేనప్పుడు మిగతావారితో అతని గురించి చెప్పడం, అతన్నే వెళ్ళి అడగడం. మనం ఇంట్లోనూ పనిచోటా ఏ దారి పడతామో ఇక్కడా ఆ దారే పడతాం. ఇక్కడ తేడా ఏమిటంటే, తలుపు వేసుకుని తప్పించుకోవడానికి గది లేదు. మూడో దారిని ప్రయత్నించండి. జరిగినదాన్ని విశేషణాలు లేకుండా చెప్పాలి, దాని వల్ల కలిగిన ఇబ్బంది చెప్పాలి, ఏం కావాలో అడగాలి: ‘నిన్నా ఇవాళా గిన్నెలు చీకటి పడేదాకా ఉండిపోయాయి. పొద్దున వంట ఆలస్యమైంది. రేపు వెలుతురు ఉండగా తోమగలవా, లేక వంతు మార్చుకుందామా?’ సోమరి, బాధ్యత లేదు లాంటి మాటలు ఒక్కటి దొర్లినా సంభాషణ గిన్నెలను వదిలి మనిషి మీదికి వెళ్ళిపోతుంది. అవతలివాడు తన అరచేతి నిండా బొబ్బలు చూపించిన సందర్భాలూ ఉన్నాయి. అడగకపోతే అది మీకు తెలిసేది కాదు.

అన్నట్టు, గిన్నెలు ఏటిలో ముంచి కడగకూడదు. నీళ్ళు తోడుకుని ఒడ్డుకు 60 మీటర్లైనా దూరంగా వెళ్ళి కడగాలి. మలవిసర్జనకూ అంతే దూరం, 15 నుంచి 20 సెంటీమీటర్ల లోతు గుంట.

నాయకత్వపు వంతు వచ్చిన రోజు ఒక్క విషయం పట్టించుకోండి: బృందం వేగాన్ని అందరికంటే నెమ్మదిగా నడిచేవారే నిర్ణయించాలి. వారిని ముందు వరుసలో ఉంచండి. వెనక ఉంచితే, ముందున్నవారు ఆగి సేదతీరి, వారు చేరగానే మళ్ళీ బయల్దేరతారు. విశ్రాంతి ఎవరికి ఎక్కువ అవసరమో వారికే అది దొరకదు.

ఏడో మెట్టు: ఒంటరిగా కూర్చోండి

కొన్ని శిబిరాల్లో ఒక రాత్రో, ఒక పగలో ఎవరికి వారు విడివిడిగా గడిపే ఏర్పాటు ఉంటుంది. లేకపోతే అనుమతి తీసుకుని, శిక్షకుడికి కనబడేంత దూరంలో రెండు గంటలు కూర్చోండి. ఫోన్, పుస్తకం, సంగీతం ఏవీ వద్దు. మొదటి అరగంట విసుగు, తర్వాత నిద్ర, ఆ తర్వాత వాయిదా వేసిన ఆలోచనలు వస్తాయి. వచ్చినదాన్ని రాసుకోవడం తప్ప వేరే పని లేదు.

ఎనిమిదో మెట్టు: ప్రతి సాయంత్రం పది నిమిషాలు రాయండి

అనుభవం దానంతట అది పాఠం అయిపోదు. చేయడం, చేసినదాన్ని తిరిగి చూసుకోవడం, అందులోంచి ఒక సూత్రం తీయడం, ఆ సూత్రాన్ని కొత్తచోట ప్రయోగించడం అనే నాలుగు దశల చక్రంగా డేవిడ్ కోల్బ్ 1984లో అనుభవాత్మక అభ్యసనాన్ని వివరించాడు. శిబిరంలో మొదటి దశ పుష్కలంగా జరుగుతుంది, మిగతా మూడింటినీ అలసట మింగేస్తుంది. అందుకే ఎంత నిద్ర వస్తున్నా టార్చి వెలుగులో పది నిమిషాలు రాయాలి. ఏం జరిగింది, నేను ఏం చేశాను, ఇలాగే నేను ఇంకెక్కడ చేస్తుంటాను అన్న మూడు ప్రశ్నలు చాలు. ఉదాహరణకు ఇలా: ‘వాగు దాటేటప్పుడు తాడు అందించమని అడగలేదు, జారి మోకాలు కొట్టుకుంది. అడిగితే చులకనవుతానని అనిపించింది. కొత్త ఉద్యోగంలో చేరిన మొదటి నెలలోనూ ఇదే చేశాను.’ మూడో వాక్యం రాని రోజు రాత పూర్తి కానట్టే. అది రావడానికి సమయం పడుతుంది, బలవంతంగా రప్పిస్తే అబద్ధం వస్తుంది; ఖాళీ వదిలి మర్నాడు నడకలో దాని గురించి ఆలోచించండి.

బృంద చర్చలో మాట్లాడేటప్పుడు నోటు పుస్తకంలోని ఒక్క వాక్యమే చెప్పండి. కళ్ళనీళ్ళు పెట్టించే ఉపన్యాసాల పోటీగా మారిన చర్చలు నేను చూశాను. వాటివల్ల ఎవరికీ ఒరిగింది లేదు.

చివరి రాత్రి, మూడు నెలల తర్వాత మీరే చదువుకునేలా మీకు మీరు ఉత్తరం రాసి, కవరు అంటించి, బృందంలో మీరు నమ్మే ఒకరి చేతికి ఇవ్వండి. ఫలానా తేదీన పోస్టు చేయమని చెప్పి, వారి ఉత్తరాన్ని మీరు తీసుకోండి.

తొమ్మిదో మెట్టు: తిరిగి వచ్చాక

ఇంటికి చేరిన మొదటి వారం వింతగా ఉంటుంది. పరుపు మరీ మెత్తగా, గది మరీ ఇరుకుగా అనిపిస్తుంది. మీ అనుభవాన్ని ఇంట్లోవారు పది నిమిషాలు విని టీవీ వైపు తిరుగుతారు. ఆ నిరుత్సాహంలో ఉద్యోగం మానేయడం, సంబంధాలు తెంచుకోవడం లాంటి పెద్ద నిర్ణయాలు తీసుకోకండి. రెండు వారాలు ఆగండి.

ఆ రెండు వారాల్లో చేయవలసింది చిన్న పని. మొదటి పేజీలోని వాక్యాన్ని ‘ఎప్పుడైతే... అప్పుడు...’ అనే రూపంలోకి మార్చండి. ఎప్పుడు, ఎక్కడ, ఏం చేయాలో ముందే ముడిపెట్టుకున్న సంకల్పాలు ఉత్త కోరికల కంటే బాగా అమలవుతాయని మనస్తత్వ శాస్త్రవేత్త పీటర్ గోల్విట్జర్ 1999లో తన పరిశోధనల ఆధారంగా వివరించాడు. ‘అర్థం కానిది అడుగుతాను’ అన్న వాక్యం ‘సమావేశంలో తెలియని మాట వినబడితే, వెంటనే పెన్ను కింద పెట్టి చెయ్యెత్తుతాను’ అవుతుంది. శిబిరంలో బృందాన్ని ఆపినప్పుడు, గిన్నెల గురించి అడిగినప్పుడు మీరు చేసింది ఇదే పని. ఇక్కడ తాడు లేదు, కొండ లేదు. కానీ నోరు తెరిచే ముందు గుండె అంతే వేగంగా కొట్టుకుంటుంది. ఊపిరి నెమ్మదిగా వదులుతూ మొదలుపెట్టండి.

వారానికోసారి, ఉత్తరం దాచిన ఆ స్నేహితుడికి ఫోన్ చేసి ఆ వారం ఎన్నిసార్లు చేశారో అంకె మాత్రం చెప్పండి. సున్నా అయినా చెప్పండి. వరసగా రెండు వారాలు సున్నా వస్తే పని పెద్దదైందని అర్థం చేసుకుని దాన్ని సగం చేయండి: అందరి ముందూ అడగలేకపోతే, సమావేశం అయ్యాక ఒక్కరిని అడగడం.

ఉత్తరం వచ్చిన రోజు దాన్ని నోటు పుస్తకంతో పాటు పక్కపక్కన పెట్టుకుని చదవండి. మొదటి పేజీలోని వాక్యం ఇప్పుడు నిజమైతే దాని పక్కన తేదీ వేసి, కింద కొత్త వాక్యం రాయండి. ఇంకా నిజం కాకపోతే చెరిపేయకుండా, అదే వాక్యాన్ని ఇంకొంచెం చిన్నదిగా చేసి, అదే పెన్సిలుతో దాని కిందే రాసుకోండి.